1966 మస్టాంగ్ హెడ్‌లైట్ స్విచ్: విప్పి బాగుచేసుకోవాలా, కొత్తది వేసుకోవాలా?

పాతబండి:
మాది టెక్సాస్. నా 1966 ఫోర్డ్ మస్టాంగ్‌లో రాత్రిపూట పది నిమిషాలు నడిపేసరికి హెడ్‌లైట్లు ఆరిపోయి, కొన్ని సెకన్లకు వాటంతటవే వెలుగుతున్నాయి. నిన్న బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని స్విచ్ ఊడదీశాను. నాబ్‌ను చివరిదాకా బయటికి లాగి ఉంచి, స్విచ్ ఒంటిమీద ఉన్న స్ప్రింగు బొత్తాన్ని వేలితో నొక్కితే, నాబ్ తన పొడవాటి కడ్డీతో సహా చేతిలోకి వచ్చేసింది. తర్వాత ముందువైపు గుండ్రటి నట్టు విప్పితే స్విచ్ వెనక్కి జారింది. ఇప్పుడు దీన్నే విప్పి శుభ్రం చేసుకోవడం మేలా, కొత్తది వేసుకోవడం మేలా?

తీగలపని:
విప్పండి. ఆ స్విచ్‌లోపల రెండు లోహాలు అతికిన పట్టీతో చేసిన సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది. అది వేడెక్కితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లబడగానే మళ్ళీ కలుపుతుంది. ఫ్యూజు అయితే ఒకేసారి కాలిపోయి మనిషిని చీకట్లో వదిలేస్తుంది కనుక, హెడ్‌లైట్లకు ఈ ఏర్పాటు చేశారు. అంటే మీ బ్రేకర్ తన పని తాను చేస్తోంది. దాని పక్కన ఏదో వేడెక్కుతోంది. రేకు అంచున మడిచిన నాలుకలను నెమ్మదిగా లేపి, నల్లబడిన కాంటాక్టులను (కరెంటు కలిపే లోహపు ముక్కలను) శుభ్రం చేయండి. డాష్‌బోర్డు దీపాల వెలుగును తగ్గించే తీగచుట్ట పింగాణీ మీద ఉంటుంది, అది పెళుసు. అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి.

గ్యారేజీ_మూల:
స్విచ్‌కు తగిలించే ప్లగ్ ఎలా ఉంది? రంగు మారిందా?

రాత్రిదారి:
పాతబండి గారూ, దయచేసి కొత్త స్విచ్ కొని, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) కూడా పెట్టించండి. ఇలాంటి స్విచ్‌నే ఒక మెకానిక్ నాకు శుభ్రం చేసి ఇచ్చారు. నెల తిరక్కుండానే హైవే మీద దీపాలు ఆరిపోయాయి, వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఈ కార్లలో హెడ్‌లైట్ల కరెంటంతా స్విచ్ గుండానే పోతుంది. హై బీమ్‌లో 65 వాట్ల హాలోజన్ దీపాలు రెండు వెలిగితే దాదాపు 10 ఆంపియర్లు. రిలేలు పెడితే ఆ బరువు వాటి మీద పడి, హెడ్‌లైట్ల కోసం స్విచ్ గుండా ఒక ఆంపియర్ కూడా పోదు. పైగా వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతు దాకా తగ్గుతుంది. ఆ నష్టమూ తప్పుతుంది.

తీగలపని:
మీ మెకానిక్ దేనితో శుభ్రం చేశారు? గరుకు కాగితంతో రుద్దితే పడిన గీతల్లోనే మళ్ళీ నలుపు చేరుతుంది.

రాత్రిదారి:
నేను పిల్లల గురించి చెబుతుంటే మీరు కాగితం గురించి అడుగుతున్నారు.

తీగలపని:
అవును, అడుగుతున్నాను, ఎందుకంటే జవాబు అక్కడే ఉంది. తెనాలిలో మా నాన్నగారి రేడియో దుకాణంలో పదిహేనేళ్లు కాంటాక్టులు శుభ్రం చేశాను. మెత్తటి ఇత్తడి బ్రష్, కాంటాక్టు క్లీనర్ తప్ప మరొకటి ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకరు పని చెడగొడితే దానికి వస్తువును నిందించి అవతల పారేయమంటారేమిటి? కొత్తగా వస్తున్న స్విచ్ ఒకటి నేనూ వాడాను, ఏడాదికే నాబ్ వదులైపోయింది. రిలేల గురించి నాకు పేచీ లేదు. బాగుచేసే చేతుల మీద మీకు నమ్మకం లేదు, నా బాధ అది.

గ్యారేజీ_మూల:
ప్లగ్ సంగతి ఎవరైనా చూశారా?

రాత్రిదారి:
నమ్మకం లేదనే అనుకోండి. మీ నాన్నగారి దుకాణంలో రేడియో మళ్ళీ మూగబోతే, కొన్నవారు మర్నాడు తెచ్చి ఇచ్చి ఉంటారు. నా స్విచ్‌ను బాగుచేసిన మనిషి ఆ రాత్రి నా కారులో లేరు. ఎంత బాగా చేసినా, లోపల ఎలా ఉందో నడిపేవాడికి కనబడని పని అది. ప్రదర్శనకు పెట్టుకునే కారుకైతే మీ మాట వింటాను. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని రాత్రి తిరిగే కారుకు వినలేను.

తీగలపని:
రాత్రి తిరగని కారుకు హెడ్‌లైట్ స్విచ్ బాగుచేయమని నేనెందుకు చెబుతాను? నా కారు వారానికి రెండు రాత్రులు రోడ్డు మీదే ఉంటుంది, మా ఆవిడా నేనూ అందులోనే వెళతాం.

పాతబండి:
గ్యారేజీ_మూల గారూ, క్షమించాలి, మీ ప్రశ్న ఇప్పుడే పట్టించుకున్నాను. ప్లగ్ తిప్పి చూస్తే ఒక గది చుట్టూ ప్లాస్టిక్ కాఫీరంగులోకి మారి, మెత్తబడి ఉంది. దాని లోపలి ఇత్తడి బిగింపు వేలితో కదిపితేనే ఊగుతోంది. స్విచ్ కాంటాక్టుల మీద కొంచెం నలుపే ఉంది. కాంటాక్టులను ఇత్తడి బ్రష్‌తోనే తుడిచాను, కొత్త ప్లగ్ అతికించాను, రిలేలకు కూడా ఆర్డరు పెట్టాను. స్విచ్, ప్లగ్ తగిలించాక దీపాలు వేసి ఇంజను నడుపుతూ కారును ఇంటిముందు ఉంచాను. నలభై నిమిషాలైంది, ఇంకా ఆరలేదు. ప్లగ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు.

రాత్రిదారి:
గంట దాటాక హై బీమ్ మీద మరో గంట ఉంచండి. అప్పుడే పిల్లల్ని ఎక్కించండి.

తీగలపని:
ఆ మాట నేనూ అంటాను. పాత ప్లగ్ పారేయకండి, దాని ఫోటో ఇక్కడ పెట్టండి.