వంద మంది వేసిన గుడ్డముక్కలతో పేదరికంపై ప్రచార తెర: కుట్టు, రంగు, నినాదం ఎలా?

తెరపని: అక్టోబర్ 17, పేదరిక నిర్మూలన దినానికి వంద మందితో తలా ఒక గుడ్డ చదరం మీద బొమ్మ వేయించి, అన్నీ కలిపి కుట్టి ఆరుబయట కట్టాలి. ఎవరూ చిత్రకారులు కారు. ముక్క ఎంత ఉండాలి? నినాదం ఎక్కడ రాయాలి?

సూదిదారం: కోరా నూలుగుడ్డను ముందు వేడినీళ్లలో ఉతకండి. గంజి ఉంటే రంగు పీచులోకి దిగదు. ముక్క 34 సెం.మీ. చదరంగా కత్తిరించి, అందులోనే చుట్టూ 2 సెం.మీ. కుట్టుకి వదలాలి. గీత గీసిచ్చినా అంచుదాకా వేసేస్తారు, మాస్కింగ్ టేపు అంటించి ఇవ్వడమే మేలు. పదేసి ముక్కలు వరసగా కుట్టి, ఆ తర్వాత వరసలు కలపండి. ఒక్కోటీ అతుక్కుంటూ పోతే మూలలు కలవవు. మొత్తం 3 మీ. × 3 మీ. వస్తుంది.

అక్రిలిక్ రంగులో ఫాబ్రిక్ మీడియం (రంగు గుడ్డకు మెత్తగా పట్టేలా చేసే ద్రవం) కలిపి పలచగా రెండు పూతలు. మందంగా వేస్తే మడతల దగ్గర పగులుతుంది. రోజంతా ఆరాక వెనకవైపు ఇస్త్రీ చెయ్యండి.

అంత గుడ్డ గాలికి తెరచాపే. గాలి పోవాలని చీలికలు పెట్టకండి, చిరుగు అక్కడే మొదలవుతుంది. పై అంచు మడిచి కుట్టి అందులో కర్ర దూర్చండి. పక్కలకు నవారు వేసి 50 సెం.మీ.కో ఐలెట్ (తాడు దూర్చే లోహపు వలయం). కింది మూలలకు ఎలాస్టిక్ తాడు. సాగని తాడైతే ఐలెట్ గుడ్డతో సహా ఊడొస్తుంది.

గోడరాత: కుట్టుకన్నా ముందు తేలాల్సింది, ఈ తెర ఎవరిని ఏం అడుగుతోందన్నది. ‘పేదరికం పోవాలి’ అంటే కాదనేదెవరు? 1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో జీ8 (ఎనిమిది పెద్ద దేశాల కూటమి) సమావేశం దగ్గర జూబిలీ 2000 ఉద్యమం సుమారు 70,000 మందితో మానవహారం కట్టి అడిగింది ఒక్కటే: పేద దేశాల అప్పులు రద్దు చెయ్యమని. మరుసటేడు కొలోన్ జీ8 సమావేశంలో ఆ దేశాలు రుణభారం ఇంకొంత తగ్గించడానికి ఒప్పుకున్నాయి.

‘పేదరికాన్ని గీయండి’ అంటే చాచిన చేతులూ, డొక్కలెండిన పిల్లలే వస్తారు. జాలి పుడుతుంది, జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకుంటారు. ‘కూలి అందకపోతే ఇంట్లో మొదట ఆగేదేమిటి?’ అని అడిగి చూడండి. నినాదం ఎంచేటప్పుడు పేదరికం అనుభవించినవాళ్లు ఉండాలి, బొమ్మలు వేసేటప్పుడు మాత్రమే కాదు. ఈ దినానికి మూలమైన 1987 పారిస్ సభకు పిలుపిచ్చిన జోసెఫ్ వ్రెసిన్‌స్కీ పేదరికంలో పెరిగినవాడే.

తెరపని: నినాదం చదరాల మీదే పంచి రాస్తే?

సూదిదారం: దూరానికి విడిపోయి కనిపిస్తుంది. పైన విడి పట్టీ కుట్టండి. 25 సెం.మీ. ఎత్తు అక్షరం 30 మీటర్ల నుంచి హాయిగా చదవొచ్చు. గుడులకు, వత్తులకు చోటు కావాలి కాబట్టి పట్టీ అర మీటరు. 3 మీటర్ల వెడల్పులో పది అక్షరాలకు మించి పట్టవు. తెలుపు మీద నలుపు రాయండి. ఎరుపు మీద నలుపు సాయంత్రానికి కలిసిపోతుంది.