డీమన్ థ్రెడ్ ఉంచాలా, తీసేయాలా? పైథాన్ ఆగేటప్పుడు లాక్ గొడవ

గోదారి_కోడర్:
మా పైథాన్ ప్రోగ్రామ్‌లో క్యూలోంచి (వరుసలోంచి) రికార్డులు తీసి ప్రింట్ చేసే థ్రెడ్‌ను (పక్కన విడిగా నడిచే పనిని) మేం డీమన్‌గా పెట్టాం, అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు దాని కోసం ఆగదు. పనంతా అయ్యాక, ప్రోగ్రామ్ ముగిసే సమయంలో అప్పుడప్పుడూ ఫేటల్ ఎర్రర్ వస్తోంది. స్టాండర్డ్ అవుట్‌పుట్ లాక్ (ఒకసారికి ఒక థ్రెడ్డే రాసేలా చూసే తాళం) దొరకలేదు, డీమన్ థ్రెడ్ల వల్ల కావచ్చు అంటోంది. డీమన్ తీసేస్తే ప్రోగ్రామ్ అసలు ఆగదేమోనని టీమ్‌లో టెన్షన్. ఏం చేయమంటారు?

లాక్_తాళం:
తీసేయండి. ఇంటర్‌ప్రెటర్ మూసివేత మొదలయ్యాక డీమన్ థ్రెడ్ గిల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడిపేలా చూసే లాక్) కోసం వస్తే, పైథాన్ 3.13 వరకు దాన్ని అక్కడికక్కడే ముగించేసేవారు. 3.14లో ముగించరు, శాశ్వతంగా ఆపేస్తారు. ఎలాగైనా దాని చేతిలో ఉన్న లాక్ విడుదల కాదు. లాక్‌ను వదిలేలా విత్ బ్లాక్‌లో ఉన్నా, ఫైనల్లీ (చివర్లో తప్పక నడవాల్సిన భాగం) రాసుకున్నా ఆ విడుదల లైన్లు నడవవు. చివర్లో మెయిన్ థ్రెడ్ మిగిలిన అవుట్‌పుట్‌ను ఫ్లష్ చేయబోయి (బయటికి పంపబోయి), ఆ లాక్ కోసం ఒక్క సెకను చూసి పడిపోతుంది. మీకు జరుగుతున్నది ఇదే. థ్రెడ్‌ను ఆపే బాధ్యత మనదే.

పాత_సర్వర్:
నేను ఒప్పుకోనండి. టైమౌట్ (గడువు) లేని నెట్‌వర్క్ రీడ్‌లో కూర్చున్న థ్రెడ్‌ను ఎవరు లేపుతారు? డీమన్ తీసేస్తే రాత్రంతా ప్రాసెస్ వేలాడుతుంది. మా దగ్గర అలాగే జరిగి చేత్తో కిల్ చేయాల్సి వచ్చింది. ఏ లాక్ పట్టుకోని థ్రెడ్‌కు డీమన్ తప్పేం కాదు.

లాక్_తాళం:
ఏ లాకూ పట్టుకోదని ఎలా చెప్పగలం? ఒక్క ప్రింట్ పెట్టినా లోపల లాక్ ఉంటుంది. సాకెట్‌కు (నెట్‌వర్క్ కనెక్షన్‌కు) టైమౌట్ పెట్టడమే దారి. పైథాన్‌లోని థ్రెడ్‌పూల్ (పనులు పంచుకునే థ్రెడ్ల గుంపు) థ్రెడ్లను కూడా 3.9లో డీమన్ కాకుండా మార్చారు.

గోదారి_కోడర్:
డీమన్ తీసేసి, ఆగమనే సంకేతాన్ని ఎట్‌ఎగ్జిట్‌లో (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు నడిచే ఫంక్షన్లలో) పెట్టాను. ఇప్పుడు ప్రోగ్రామ్ కదలడం లేదు!

లాక్_తాళం:
చాలామంది పడే గుంట అదేనండి. పైథాన్ ముందు మామూలు థ్రెడ్లన్నీ ముగిసేదాకా ఆగుతుంది, ఆ తర్వాతే ఎట్‌ఎగ్జిట్ ఫంక్షన్లు నడుపుతుంది. థ్రెడ్ మీ సంకేతం కోసం, సంకేతం థ్రెడ్ కోసం కాచుకున్నాయి. మెయిన్‌లో ట్రై పెట్టి, ఫైనల్లీలో క్యూకి నన్ (None, ఇక పని లేదనే గుర్తుగా) పంపి, జాయిన్ (థ్రెడ్ ముగిసేదాకా ఆగడం) చేయండి. థ్రెడ్ నన్ చూడగానే లూప్ వదిలేయాలి.

గోదారి_కోడర్:
అలాగే మార్చాను. కంట్రోల్ సీ కొట్టినా శుభ్రంగా ఆగుతోంది. చాలా థాంక్స్ అండీ.

పాత_సర్వర్:
క్యూకి సరే. టైమౌట్ పెట్టే వీలివ్వని సీ లైబ్రరీ రీడ్‌లో ఉన్న థ్రెడ్‌కు మాత్రం నా మాట మార్చుకోను.