నాలుగేళ్లు పడిన గాలి ఇప్పుడెందుకు పడట్లేదు?

కొరిటెపాడు_కుర్రాడు:
గుంటూరులో ఈ ఇంట్లోకి 2019లో వచ్చాం. మొదటి నాలుగేళ్లు నాకేం కాలేదు. ఆ తర్వాత ఒక శివరాత్రి దాటాక తుమ్ములు మొదలయ్యాయి, జలుబే కదా అని వదిలేశా, కానీ అప్పట్నుంచి ఏటా సరిగ్గా అదే టైముకి వస్తోంది, ఈసారి ఉగాది వెళ్లినా తగ్గలేదు. పొద్దున లేచీ లేవగానే వరసపెట్టి పది తుమ్ములు, ముక్కు కుళాయిలా కారుతుంది, కళ్లు దురద, అంగిట్లో కూడా దురద, అక్కడ గోక్కోలేం కాబట్టి నాలుకతో రుద్దుకోవడమే. జ్వరం లేదు. అమ్మేమో మంచు పడలేదంటుంది, పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చమంటే పీల్చా, ఇంకో ఇరవై తుమ్ములు. మా గేటు ముందు పసుపు పూల తురాయి ఉంది, ఇప్పుడు స్కూటీ సీటు నిండా పసుపే, నా అనుమానం దాని మీదే. కొట్టించేద్దామంటే ఓనర్ గారు కూడా సరే అన్నారు. కానీ ఒకటి అర్థం కాలేదు, పడని చెట్టయితే మొదటి ఏడాదే పడకూడదు కదా?

కాలేజీ_బాటనీ:
తమ్ముడూ, ముందు ఆ గొడ్డలి పక్కన పెట్టు.

అలర్జీ మొదటిసారి తగిలినప్పుడు బయటపడదు, లోపల తయారవుతుంది. పుప్పొడి రేణువు చాలా చెట్లకి 20 నుంచి 40 మైక్రాన్లు ఉంటుంది, అంటే వెంట్రుక మందంలో సగం, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ముక్కులో తడి తగలగానే నిమిషాల్లో దానిలోని ప్రోటీన్లు బయటికొస్తాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని పట్టుకెళ్లి రోగనిరోధక వ్యవస్థకి చూపిస్తాయి. చాలామందిలో 'ఇదేం చేస్తుందిలే' అని వదిలేస్తుంది. కొందరిలో మాత్రం, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లలో, ఏ నేరమూ చేయని ఆ పుప్పొడి మీద రౌడీషీట్ తెరుస్తుంది. ఆ షీటే ఐజీఈ అనే యాంటీబాడీ. అది ముక్కులో, కళ్లలో ఉండే మాస్ట్ కణాల మీద అతుక్కుని కూర్చుంటుంది. ఇదంతా జరిగేటప్పుడు నీకు ఒక్క తుమ్ము కూడా రాదు. ఒక సీజన్ పట్టొచ్చు, నీలాగా నాలుగైదు పట్టొచ్చు. నీకు ఆ నాలుగేళ్లు గాలి పడిందనుకున్నావు, లోపల ఫైలు కదులుతూనే ఉంది.

షీటు పడ్డాక అదే పుప్పొడి మళ్లీ వస్తే, దాని ప్రోటీను పక్కపక్కనున్న రెండు ఐజీఈలని కలిపేస్తుంది, మాస్ట్ కణం తన దగ్గరున్న హిస్టమిన్ అనే రసాయనం మొత్తం కుమ్మరిస్తుంది. తుమ్ము, దురద, నీళ్లు కారడం అన్నీ దాని పనే. కొన్ని గంటలాగి రెండో విడత వాపు వస్తుంది, సాయంత్రానికి ముక్కు దిబ్బడేసేది అందుకే.

ఇక నీ తురాయి సంగతి. కంటికి అంత పసుపుగా కనిపించే పువ్వు తేనెటీగల కోసం పూసింది. దాని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాల్లో అంత దూరం పోదు. సీటు మీద రాలినవి చాలావరకు పూరేకులే. పైగా అది పూసేది ఎండలు ముదిరాక, నీ తుమ్ములు శివరాత్రికే మొదలయ్యాయి. పండక్కి నెల ముందే వచ్చిన చుట్టాన్ని వదిలేసి నిన్న వచ్చినవాణ్ణి పట్టుకున్నావు. మీ చుట్టుపక్కల ఖాళీ స్థలం గానీ, రైలు కట్ట గానీ ఉందా? సర్కారు తుమ్మ ఉందేమో చూడు. 1877లో మన కడప జిల్లా కమలాపురం దగ్గర తెచ్చి వేసిన చెట్టు, ఇప్పుడది లేని ఊరు లేదు. దాని మీదా తేనెటీగలు వాలతాయి, అయినా పుప్పొడి విపరీతం, గాల్లోనూ తిరుగుతుంది. మన దేశంలో అలర్జీ టెస్టుల్లో తరచూ బయటపడేవాటిలో అదొకటి.

యార్డు_సైడు:
గుంటూరు కదా, మిర్చి సీజన్ కూడా ఇదే టైము. మేం యార్డు దగ్గరే ఉంటాం, మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దింపుతుంటే దారిన పోయేవాడు కూడా తుమ్ముతాడు. అదేమో అనుకోకూడదా?

కాలేజీ_బాటనీ:
మంచి పాయింటేనండీ. కానీ మిర్చి ఘాటు రౌడీషీట్ వ్యవహారం కాదు. మిర్చికి కారాన్నిచ్చే కాప్సైసిన్ నేరుగా నరాన్ని మండిస్తుంది, పెద్దా చిన్నా, కొత్తా పాతా తేడా లేదు, పక్కకి జరిగితే కాసేపటికి తగ్గుతుంది. ఇతనికి మంట కాదు, దురద. అంగిట్లో దురద అన్నాడంటే నేను అలర్జీ వైపే మొగ్గుతా. పసుపు కొమ్ము పొగ మాత్రం ఘాటు బాపతే, అమ్మగారికి నచ్చజెప్పు.

బెజవాడ_మందులషాపు:
ఊహలెందుకు, చర్మం మీద చుక్కలేసి గుచ్చే టెస్టు చేయించుకోండి, ఏ పుప్పొడో పావుగంటలో బుడిపె చూపించేస్తుంది. అయితే దానికి ముందు వారం పాటు సెటిరిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే అన్నీ నెగెటివే వస్తాయి, ఎప్పుడు ఆపాలో డాక్టర్‌నే అడగండి. ఇంకో మాట, దిబ్బడ పోవడానికి వేసే ముక్కు చుక్కలు నాలుగైదు రోజులకి మించి వాడొద్దు. మా కౌంటరు దగ్గరికి ఆరు నెలలుగా అదే సీసా కోసం వచ్చేవాళ్లున్నారు, మానేస్తే ముక్కు ఇంకా మూసుకుపోతుంది మరి. స్టెరాయిడ్ స్ప్రే అది వేరు, డాక్టర్ రాస్తే వాడండి, రెండ్రోజుల్లో పనిచేయలేదని పారేయకండి. కొట్టేటప్పుడు మధ్య గోడ వైపు కాకుండా కంటి కొస వైపు తిప్పి కొట్టాలి.

కృష్ణలంక_పాప:
ఆ రౌడీషీట్ ఎత్తేయించే దారి లేదా 😅

బెజవాడ_మందులషాపు:
ఉందమ్మా, ఇమ్యునోథెరపీ. 1911లో లండన్‌లో లియోనార్డ్ నూన్ అనే డాక్టర్ గడ్డి పుప్పొడి సారం సూదితో ఇచ్చి మొదలుపెట్టాడు. పడని దాన్నే కొంచెం కొంచెంగా అలవాటు చేయడం. మూడేళ్లు ఓపిక పట్టాలి, డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి, ఆస్తమా అదుపులో లేనివాళ్లకి చేయరు.

కొరిటెపాడు_కుర్రాడు:
మాస్టారూ, ఇప్పుడే డాబా ఎక్కి చూశా. వెనక ఖాళీ ప్లాటులో తుమ్మ. మేం వచ్చినప్పుడు మోకాలెత్తు పొద, ఇప్పుడు మా పిట్టగోడ దాటింది, నిండా లేత పసుపు కంకులు, గొంగళి పురుగుల్లా వేలాడుతున్నాయి. అమ్మ దుప్పట్లు ఆరేసే తాడు సరిగ్గా దాని పక్కనే, నేను రాత్రంతా కప్పుకునేవి అవే. తాడు ఇటువైపు మార్చాం. తురాయి జోలికి పోవట్లేదని ఓనర్ గారికి చెప్పేశా. టెస్టు వచ్చే బుధవారం, డాక్టర్ మాత్ర ఆపమన్నారు, ఇవాళ రెండో రోజు. ఈ నాలుగు ముక్కలు టైప్ చేసేలోపు ఫోన్ మూడుసార్లు తుడిచా.