డొంక పక్కన చిల్లకంప: ట్రాక్టర్ కట్టర్‌తో కొట్టించినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మాది ప్రకాశం జిల్లా. మా పొలం డొంక పక్కన అర కిలోమీటరు పొడవునా సర్కారు తుమ్మ (మా వైపు చిల్లకంప అంటాం) అల్లుకుపోయింది. కిందటేడు కూలీలతో నరికిస్తే మొదట్లోంచి మళ్లీ గుబురుగా చిగురేసింది. ఈసారి ట్రాక్టర్ పక్కకి చెయ్యి చాచి కొట్టే ఫ్లెయిల్ కట్టర్ తెప్పించా. పీటీవో (ట్రాక్టర్ వెనక పనిముట్టును తిప్పే ఇరుసు) నిమిషానికి 540 చుట్ల మీదే నడిపాం. వేలి లావు కొమ్మలు పొడైపోయాయి గానీ, మణికట్టు లావువి తెగకుండా పీచుపీచుగా చీలాయి. ముళ్లు దారంతా పరుచుకుని ముందు టైరు రెండుసార్లు పంచరైంది. పిల్లలు బడికి నడిచేది ఆ దారినే, నా భయమంతా అదే.

లావు కొమ్మలకు రంపపు బ్లేడు మేలా? తెగిన ముళ్లు ఎలా ఎత్తించారు? మొదళ్లు జేసీబీతో పెకలిస్తే గట్టు నిలుస్తుందా? చేయించినవాళ్లు గంటకు ఎంతిచ్చారో కూడా చెప్పండి, దండం పెడతా.