తుంటి విరిగితే అందరికీ రాడ్డేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
అమ్మకు 78 ఏళ్లు. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరిగింది. తొడ ఎముక మెడ కింద, దాని రెండు బొడిపెల మధ్య విరిగిందన్నారు. ఎముక లోపలికి రాడ్డు దించి, దానిలోంచి తొడ ఎముక పైకొసన ఉండే బంతిలోకి స్క్రూ వేశారు. మూడో రోజే వాకర్ పట్టుకుని నిలబడితే ఎంత సంబరపడ్డామో! ఏడో వారంలో అడుగు వేస్తే చాలు, గజ్జలో పొడుస్తోందని ఏడ్చేసింది. కొత్త ఎక్స్‌రే కిటికీకి ఆనించి చూస్తే, ఎవరూ చెప్పక్కర్లేకుండా నాకే తెలిసిపోయింది. స్క్రూ మొన బంతిని చీల్చుకుని పైకి వచ్చేసింది. విరిగింది రెండు ముక్కలుగానే కాబట్టి ఎముకకు బయటి పక్క బిగించే ప్లేటు సరిపోయేదని ఇంకో డాక్టర్ అంటున్నారు. మరి అందరికీ రాడ్డే ఎందుకు వేస్తున్నారు?

ఎముకల సర్జన్, ప్లేటు పక్షం:
నేనైతే ప్లేటే వేసేవాడిని. బొడిపెల మధ్య మామూలుగా విరిగినవాటికి రాడ్డు కన్నా జారే స్క్రూ ఉన్న ప్లేటే వేయమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2011లో చెప్పింది. తొలితరం గామా నెయిల్స్ అనే రాడ్లు వేసిన రోజుల్లో రాడ్డు కొస దగ్గర తొడ ఎముక మళ్లీ విరిగేది. డిజైన్లు మారాయి, ఆ బెడద తగ్గింది, కానీ పోలేదు. రెండు పద్ధతులనూ పోల్చిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2022 కొక్రేన్ సమీక్షలో కూడా అలా విరగడం రాడ్డు వేసినవాళ్లలోనే ఎక్కువ. చావుల్లోనూ మళ్లీ ఆపరేషన్ అవసరంలోనూ పెద్ద తేడా లేదు. అలాంటప్పుడు ఖరీదైనది ఎందుకు?

ఇంకో సర్జన్, రాడ్డు పక్షం:
సార్, అదే సమీక్షలో ఎముక అతకకపోవడం, పైపైన చీము పట్టడం రాడ్డు వేసినవాళ్లలోనే తక్కువ. అది కూడా చెప్పాలి కదా. ప్లేటు నిలబడాలంటే తొడ ఎముక బయటి గోడ గట్టిగా ఉండాలి. 2007లో డెన్మార్క్ సర్జన్లు ప్లేటు వేసిన 214 మందిని చూస్తే, ఆ గోడ విరిగినవాళ్లలో 22 శాతానికి మళ్లీ ఆపరేషన్ పడింది, నిలిచినవాళ్లలో 3 శాతానికే. పైగా ఆ గోడ ఎక్కువగా ఆపరేషన్ టేబుల్ మీదే విరిగింది. ఎముక విరిగిన గీత లోపలి పక్క పైనుంచి బయటి పక్క కిందికి దిగితే ప్లేటు ఊసే వద్దు.

ఇక అమ్మగారి సంగతి. స్క్రూ చీల్చుకు రావడం రాడ్డు తప్పని నేను అనుకోను. ముందునుంచీ, పక్కనుంచీ తీసిన రెండు ఎక్స్‌రేల్లో స్క్రూ మొన నుంచి బంతి శిఖరం దాకా దూరం కొలిచి, ఎక్స్‌రేలో పెద్దదిగా కనిపించే సైజు సరిచేసి, ఆ రెండు కొలతలనూ కలుపుతారు. 1995లో బామ్‌గార్ట్‌నర్ బృందం 198 కేసులు కొలిస్తే, మొత్తం 25 మిల్లీమీటర్ల లోపు ఉన్న ఒక్కరికీ స్క్రూ బయటికి రాలేదు. వాటిలో ఎక్కువ ప్లేటు కేసులే. ఆపరేషన్ మర్నాటి ఫిల్ములు తీసి కొలిపించండి.

ఫిజియోథెరపిస్ట్:
రాడ్డయినా ప్లేటయినా నడిపించడం ఆపకూడదు, మంచాన పడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కానీ కుదురుకుంటున్న మనిషికి గజ్జలో కొత్తగా నొప్పి మొదలైతే వ్యాయామం ఆపి అదే రోజు ఎక్స్‌రే తీయించాలి. "వయసుకి మామూలే" అని పంపేయడం నేను చాలాసార్లు చూశాను, ఒళ్లు మండుతుంది.

చర్చ మొదలుపెట్టినవారు:
కొలిపించాను. 34 మిల్లీమీటర్లు. స్క్రూ బంతి నడిమధ్యన కాకుండా పైభాగంలో ఉందట. రాడ్డు పక్షం సర్జన్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, కానీ మొదటి డాక్టర్ ఈ లెక్క మాకు చెప్పనందుకు బాధ పోవడం లేదు. వచ్చే వారం రాడ్డు తీసి తుంటి కీలు మారుస్తారు. ఎముకలు గుల్లబారాయి, మందు మొదలుపెట్టాలని కొత్త డాక్టర్ అన్నారు. మొదటిసారి ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. రెండో తుంటి కాపాడాలంటే మందుతో పాటు ఇంకేం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.