ర్యాక్‌లో పెట్టిన బోర్డు పోతే తప్పు ఎవరిది?

డెన్వర్_నాన్న

పోయిన శనివారం మా అమ్మాయి స్నోబోర్డ్ పోయింది. డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమటికి వెళ్తే వచ్చే రిసార్టుల్లో ఒకటి, పేరు రాయను. పన్నెండున్నరకి లాడ్జ్ బయట ర్యాక్‌కి రెండు బోర్డులూ ఆనించి లోపలికి వెళ్ళాం. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, పాప హాట్ చాక్లెట్ తాగాక బయటికొచ్చాం. అరగంట కూడా కాలేదు. నా బోర్డు ఉంది. దాని పక్కన మంచులో పాప బోర్డు తోక దిగబడిన గాడి ఉంది. బోర్డు లేదు.

పాపకి పన్నెండేళ్ళు. బోర్డు నవంబర్‌లో పుట్టినరోజుకి కొన్నాం, బూట్లని దానికి బిగించే బైండింగ్‌లతో కలిపి 640 డాలర్లు. ఏడవలేదు. ర్యాక్‌ల చుట్టూ మూడుసార్లు తిరిగి, ఆ రంగు కనిపించిన ప్రతి బోర్డునీ వంచి అడుగు చూసింది. "ఎవరో పొరపాటున తీసుకెళ్ళి ఉంటారు నాన్నా, తెచ్చిస్తారు" అని, కొండ మీదికి తీసుకెళ్ళే లిఫ్టులు ఆగేదాకా అక్కడే నిలబడింది. ఆ రోజు ఇంక నేనూ కొండెక్కలేదు.

కౌంటర్‌లో అడిగిన మొదటి మాట, "లాక్ వేశారా?" అని. పోలీస్ రిపోర్ట్ రాసుకున్న ఆయనా అదే అడిగారు. ఇంటికొస్తే మా బావమరిదీ అదే. వేయలేదు. నిజమే. కానీ నేనడిగేది ఇది: పెద్ద రిసార్టుల్లో పండగ రోజుల్లో కౌంటర్ దగ్గర కొనే ఒక్కరోజు టికెట్ 300 డాలర్లు దాటింది. అంత తీసుకుని, బోర్డులు లోపలికి తేవద్దని తలుపు మీద రాసిపెట్టి, బయట ఒక్క మనిషిని కాపలా పెట్టరా? చెప్పులతో లోపలికి రావద్దనే గుడి, బయట టోకెన్ ఇచ్చే చెప్పుల స్టాండ్ కూడా పెడుతుంది. తప్పంతా నాదేనంటారా?

టాహో_రోడ్డు

అన్నా, పాప అలా నిలబడిందని చదివితే మనసు అదోలా అయింది. అయినా మీ వాదన నాకు ఒప్పు కాదు.

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నుంచి టాహో కొండలకి ఏడేళ్ళుగా వెళ్తున్నాను. జాకెట్ జేబులో పట్టే కేబుల్ లాక్ 20 డాలర్లు. ఒక్కసారి కూడా అది లేకుండా వదల్లేదు, ఒక్కటీ పోలేదు. మీ గుడి ఉదాహరణే తీసుకుందాం. స్టాండ్‌లో ఇచ్చి టోకెన్ తీసుకుంటే పూచీ వాళ్ళది. మెట్ల పక్కన విడిచి వెళ్తే ఎవరు పూచీ పడతారు? ర్యాక్ అంటే ఆనించుకోవడానికి చోటు, అంతే. మీరు ఎవరి చేతికీ అప్పగించలేదు. పైగా మీ కొలరాడోలో 1979 నాటి స్కీ సేఫ్టీ చట్టం ఉంది, అది రిసార్టుల వైపే మాట్లాడుతుంది. వాళ్ళ మీద ఆశ పెట్టుకుంటే వచ్చే సీజన్‌లో ఇంకో బోర్డు పోతుంది.

యూటా_రెంటల్

రెండు సీజన్లు రెంటల్ షాపులో పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు డెన్వర్ అన్నకి: రిసార్ట్ లాస్ట్ అండ్ ఫౌండ్‌కీ, ఆ కొండ కింద ఉన్న రెంటల్ షాపులన్నింటికీ ఫోన్ చేయండి. మూడు నాలుగు రోజులు వరసగా చేయండి. సాయంత్రం "స్కీలు పోయాయి" అని మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందివి మర్నాటికి దొరికేవి. రెంటల్ స్కీలన్నీ ఒకే మోడల్, ఒకే రంగు. తేడా ఉండేది అతికించిన నంబర్ స్టిక్కర్‌లోనే. గాగుల్స్ మీద ఆవిరి, కాళ్ళలో నొప్పి, పక్కన పిల్లల ఏడుపు, ఆ స్థితిలో చేతికి దొరికిన జత పట్టుకుపోతారు. అద్దె స్కీలు వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. బైండింగ్‌ని మీ బూటు అడుగు పొడవుకి సరిచేసి ఇస్తాం. బూటు ఎక్కకపోతే ఆ స్కీ మీది కాకపోవచ్చు. బలవంతంగా తొక్కకుండా నంబర్ చూడండి.

సొంత బోర్డు, కొత్తది, లంచ్ టైమ్‌లో పోయిందంటే మాత్రం అది పొరపాటు కాకపోవచ్చు.

స్కీలకి లాక్ లేకుండానే ఒక మంచి ఉపాయం ఉంది. ఒక స్కీ ఈ ర్యాక్‌లో, రెండోది ముప్పై అడుగుల అవతల ఇంకో ర్యాక్‌లో పెట్టండి. ఒంటి స్కీని ఎవరూ కొనరు, జత వెతుక్కుంటూ తిరిగే ఓపిక దొంగకి ఉండదు. గుడి దగ్గర ఒక చెప్పు ఒక మూల, రెండోది ఇంకో మూల విడిచేవాళ్ళని చూసే ఉంటారు, అదే పద్ధతి. ఇద్దరు వెళ్తే మీదొకటి, మీ స్నేహితుడిదొకటి జత కలిపి పెట్టినా సరిపోతుంది.

స్నోబోర్డ్‌తో ఆ సౌకర్యం లేదు, అది ఒక్కటే పలక. దానికి కేబుల్ తప్పదు. అది కూడా చాలామంది తప్పుగా వేస్తారు. బైండింగ్ స్ట్రాప్‌లోంచి దూర్చి లాక్ చేస్తారు. స్ట్రాప్ విప్పితే కేబుల్ ఊడి చేతికొస్తుంది! మడమ వెనక గట్టి లూప్ ఉంటుంది చూడండి, దాంట్లోంచి దూర్చి, ర్యాక్‌లో రెండు వైపులా మూసుకుని ఉన్న కడ్డీ చుట్టూ తిప్పాలి. పైన తెరిచి ఉన్న కడ్డీ అయితే కేబుల్‌తో సహా పైకి ఎత్తేస్తారు.

ఇంత చేసినా ఆ సన్నటి కేబుల్‌ని చిన్న కట్టర్ ఒక్క నొక్కుతో తెంపుతుంది. కట్టర్ తీసే ముందు దొంగ అటూ ఇటూ చూస్తాడు, పక్కనే లాక్ లేనిది కనిపిస్తే దాని వైపు వెళ్తాడు. లాక్ పని అంతవరకే.

డెన్వర్_నాన్న

చాలా థాంక్స్ అండీ. షాపులకి ఫోన్ చేయడం రేపు పొద్దున మొదలుపెడతాను. మీ చివరి మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. నేను లాక్ వేస్తే దొంగ పక్కవాళ్ళ బోర్డు దగ్గరికి వెళ్తాడు. శనివారం నా స్థానంలో ఇంకెవరో తండ్రి నిలబడేవాడు, ఇంకో పిల్ల ర్యాక్‌ల చుట్టూ తిరిగేది. కొండ మీద జరిగే దొంగతనాల్లో ఒక్కటీ తగ్గదు కదా? టాహో తమ్ముడు ఏడేళ్ళు ఏమీ పోగొట్టుకోలేదంటే సంతోషమే. కానీ ఆ ర్యాక్ దగ్గర ఏడేళ్ళలో ఏమీ పోలేదని దాని అర్థం కాదు.

టాహో_రోడ్డు

అందరూ వేస్తే తగ్గుతుంది అన్నా.

అరోరా_అమ్మ

అందరూ వేయడం ఎలా కుదురుతుందో నేను చెప్తాను వినండి. ఆరేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప, నేను. మావారు ఆ వీకెండ్ ఆన్-కాల్. బాబు లిఫ్ట్ దిగుతూనే "అమ్మా, బాత్రూమ్" అన్నాడు. వాడి స్కీలు విప్పాలి, పాపవి విప్పించాలి, నావి విప్పాలి. మూడు జతల పోల్స్. గ్లవ్స్ తీస్తే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, తీయకపోతే లాక్ మీద ఆ మూడు అంకెల చక్రాలు తిరగవు. అంకెల సందుల్లో మంచు. వెనక వాడు గంతులు వేస్తున్నాడు. లాక్ అలాగే మంచులో వదిలేసి పరిగెత్తాను. ఆ రోజు ఏమీ పోలేదు, కానీ బాత్రూమ్‌లో ఉన్నంతసేపూ టెన్షన్.

పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళకి లాక్ ఒక్కటే పరిష్కారం కాదు. టోకెన్ ఇచ్చే కౌంటర్ ఉండాలి. జరగని పనేమీ కాదు. యూటాలో డీర్ వ్యాలీలో పగలు స్కీలు ఉచితంగా పెట్టుకునే ఏర్పాటు ఏళ్ళ తరబడి ఉంది. అక్కడ స్నోబోర్డులకి అసలు ప్రవేశమే లేదు, అది వేరే సంగతి. ఒక చోట కుదిరింది ఇంకో చోట ఎందుకు కుదరదు?

మంచు_లెక్కలు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 1979 చట్టం గురించి ఒక సవరణ. అది కొండ మీద జారేటప్పుడు తగిలే దెబ్బలకి, ప్రమాదాలకి ఎవరు ఎంతవరకు బాధ్యులో చెప్పే చట్టం. ర్యాక్‌లో దొంగతనానికి దాన్ని అడ్డం పెట్టుకోలేరు. అప్పగించడం గురించి టాహో బ్రదర్ చెప్పింది మాత్రం సరైన మాటే. అందుకే కౌంటర్ కావాలని అడగడంలో అర్థం ఉంది. వాళ్ళ చేతికిచ్చి టోకెన్ తీసుకున్నాక మాట మారిపోతుంది.

ఇంకొకటి. 640 డాలర్ల వస్తువుకి పోలీసులు ఏం చేస్తారులే అని చాలామంది రిపోర్టే ఇవ్వరు. కొలరాడోలో దొంగతనం విలువ 2,000 డాలర్లకి చేరితేనే ఫెలనీ, అంటే పెద్ద నేరం. విడిగా చూస్తే మీ కేసు చిన్నదే. కానీ ఒకే మనిషి ఆరు నెలల్లోపు చేసిన దొంగతనాలన్నీ కలిపి ఒకే నేరంగా కేసు పెట్టే వీలు అక్కడి చట్టంలో ఉంది. నలుగురు రిపోర్ట్ ఇచ్చి ఉంటే నాలుగు బోర్డులూ కలిసి పెద్ద కేసవుతుంది. ఎవరూ ఇవ్వకపోతే దొరికినా ఒక్కదానికే పట్టుకున్నట్టు. అందుకే మీరు రిపోర్ట్ ఇవ్వడం మంచి పని.

అందులో సీరియల్ నంబర్ రాయించారా? నంబర్ లేకపోతే తాకట్టు షాపులో కనిపించినా, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కనిపించినా "ఇది మాది" అని నిరూపించడం కష్టం. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. రెంటర్స్ పాలసీ, హోమ్ పాలసీ చాలావాటిలో ఇంటి బయట పోయిన వస్తువులూ వస్తాయి. కానీ డిడక్టిబుల్, అంటే ముందుగా మనమే భరించాల్సిన మొత్తం, 1,000 అయితే 640కి చేతికేమీ రాదు.

ప్లేనో_కుర్రాడు

అంకుల్, బోర్డుకి ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఆపిల్ బిళ్ళ) పెట్టి ఉంటే అప్పుడే దొరికేది. మా ఫ్రెండ్స్ అందరం బైండింగ్ అడుగున అంటించుకుంటాం. ఆ లాక్, ఈ కౌంటర్ ఏదీ అక్కర్లేదు.

యూటా_రెంటల్

పెట్టుకో తమ్ముడూ, మంచిదే. కానీ దాని మీదే ఆధారపడకు. అది దొంగతనం జరిగాక పనికొచ్చేది. దొంగ దగ్గర ఐఫోన్ ఉంటే "తెలియని ట్యాగ్ మీతో కదులుతోంది" అని కాసేపటికి అతనికే కబురు వెళ్తుంది, పీకి పారేస్తాడు. ఆపిల్ చెప్పే లెక్క ప్రకారం అది మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దాకానే పనిచేస్తుంది, రాత్రంతా కారు మీద వదిలితే కొండల్లో అంతకంటే చలి పడే రోజులుంటాయి. మ్యాప్‌లో చుక్క కనిపించింది కదా అని ఆ అడ్రస్‌కి నువ్వొక్కడివే వెళ్ళి తలుపు మాత్రం కొట్టొద్దు. బోర్డు మళ్ళీ కొనుక్కోవచ్చు. లొకేషన్ పోలీసులకి ఇవ్వు, రమ్మంటే వెళ్ళు.

టాహో_రోడ్డు

చట్టం విషయం సరిదిద్దినందుకు థాంక్స్, నేను తప్పు రాశాను. వదినగారు చెప్పిన గ్లవ్స్ సంగతీ ఎప్పుడూ ఆలోచించలేదు. నేను ఒక్కడినే వెళ్తాను, లేదంటే రూమ్‌మేట్స్‌తో. కౌంటర్ ఉండాలన్నంతవరకు మీ వైపే. కానీ లంచ్ టైమ్‌లో రెండు వందల మంది ఒకేసారి వస్తే ఆ క్యూలో అరగంట పోతుంది, అప్పుడు జనం మళ్ళీ ర్యాక్‌కే ఆనించి వెళ్తారు. కౌంటర్ వచ్చినా నా జేబులో లాక్ ఉంటుంది. ఈ విషయంలో మాత్రం నా మాట మారదు.

డెన్వర్_నాన్న

సరే తమ్ముడూ, కౌంటర్ ఉండాలన్నంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. రిసార్ట్‌కి ఈమెయిల్ పంపాను. డబ్బు అడగలేదు. పదకొండు నుంచి రెండు దాకా లాడ్జ్ ముందు ఒక మనిషి, ఒక టోకెన్ బల్ల పెట్టమని అడిగాను. అరోరా అమ్మగారూ, మీరూ ఒకటి రాయండి. ఒక్కరు రాస్తే ఫిర్యాదు, యాభై మంది రాస్తే వాళ్ళూ ఆలోచిస్తారు.

ఆరు షాపులకి ఫోన్ చేశాను, ఎక్కడా లేదు.

సీరియల్ నంబర్ రాయించలేదు. రశీదులో మోడల్ పేరే ఉంది, పెట్టె ఎప్పుడో పారేశాం. ఇప్పుడెలా అని కూర్చుంటే నిన్న రాత్రి పాప ఫోన్ తెచ్చి చూపించింది. పుట్టినరోజు నాడు వాళ్ళమ్మ తీసిన వీడియో. కాగితం చింపి, బోర్డు తలకిందులు చేసి అడుగున ఉన్న బొమ్మ కెమెరాకి చూపిస్తుంది. ఆగి జూమ్ చేస్తే తోక దగ్గర చిన్న అంకెలు కనిపించాయి. చివరిది 3 అవునో 8 అవునో తేలలేదు. ముగ్గురం విడివిడిగా చూసి విడివిడిగా కాగితం మీద రాశాం. ముగ్గురమూ 8 అనే రాశాం. పొద్దున ఆ నంబర్, వీడియో రెండూ రిపోర్ట్ రాసుకున్న ఆయనకి పంపించాను.