అప్‌డేట్: ఇంటి హడావిడిలో పాప స్నానం

ఆరు నెలల పాపకు ఉదయం గోలలో స్నానం కుదరట్లేదు, సగంలోనే ఏడుపు మొదలవుతోంది అని అడిగాను కదా. మీ సలహాల్లో పనిచేసినవి ఇవీ.

వేళ సాయంత్రానికి మారింది. పాలు పట్టిన వెంటనే కాదు, కక్కేస్తుంది.

ఏడుపుకి నీళ్లు కారణం కాదట, బయటకు తీశాక తువ్వాలు కోసం వెతుకులాట! తడి ఒంటికి గాలి తగిలితే క్షణాల్లో చలి పుడుతుంది. ఇప్పుడు తువ్వాలు, డైపర్, బట్టలు పరిచి, ఫ్యాన్ ఆపాకే నీళ్లు. టబ్బులో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు. బాగా కలిపి మోచేత్తో చూడాలి. థర్మామీటరుంటే 37-38 డిగ్రీల సెల్సియస్. లోతు 5-8 సెంటీమీటర్లు చాలు. పాప లోపల ఉండగా వేణ్నీళ్లు కలపకూడదు.

సబ్బు చివర్లోనే. ముందే రాస్తే ఆ నురగనీళ్లలోనే కూర్చుని చర్మం పొడిబారుతుంది, చేతుల్లోంచి జారుతుంది కూడా. మెడ, తొడల మడతలు కడిగి, తడి లేకుండా అద్దాలి, రుద్దితే ఎర్రబడతాయి. మొత్తం 5-7 నిమిషాలు.

అన్నిటికంటే పనికొచ్చిన మాట: ఇంట్లో నలుగురుంటే ప్రతివాళ్లూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. అందుకే "నేను చూస్తున్నా" అని అవతలివాళ్లు నోటితో చెప్పాకే లేవాలి. ఎవరూ లేనప్పుడు తలుపు మోగితే పాపను తువ్వాల్లో చుట్టి వెంట తీసుకెళ్లడమే. స్నానపు సీటును నమ్మి వదిలేయకూడదు, అది ఒరిగిపోతుంది.

తలస్నానానికి మాత్రం ఇంకా రాగం తీస్తూనే ఉంది.